గయ్యాళి మొహం

నాకు కోపం తొందరగా వస్తుందని మా ఇంట్లో అందరూ అంటారు. అనేవాళ్ళని ఒక్కసారి నడుముకి తాడు కట్టించుకుని చెట్టు చిటారుకొమ్మ దాకా వేలాడి చూడమనండి. అప్పుడు తెలుస్తుంది కోపం ఎందుకొస్తుందో.

నేను ఫోటో స్టూడియో నడుపుతాను. పాస్‌పోర్టు ఫోటోలు, ఉద్యోగాల దరఖాస్తులకి ఫోటోలు, బడిపిల్లల కార్డులకి ఫోటోలు. గడ్డం కొంచెం కిందికి, కళ్ళు ఇటు, నవ్వొద్దు, అయిపోయింది, లేవండి. బుద్ధిగా కూర్చున్న మనిషి మొహం తప్ప ఇంకేదీ ఫోటో తీసి ఎరగను. అలాంటి నా దగ్గరికొచ్చి మా ఆడపడుచు, "వదినా, కోతుల్ని ఫోటో తియ్యాలి, బయల్దేరు" అంది.

"మీ అన్నయ్యని తీశాను, చాలదా?" అన్నాను.

నవ్వలేదు. వాళ్ళన్నయ్య మీద జోకు వేస్తే ముందు నవ్వేది ఆ పిల్లే. నవ్వలేదంటే సంగతి పెద్దదే అనుకుని, చేతిలో పని పక్కన పెట్టి కూర్చోమన్నాను.

మా ఆడపడుచు అడవిలో కోతుల మీద పరిశోధన చేస్తుంది. ఇంట్లో తనని డాక్టరమ్మ అంటాం. జ్వరమొస్తే ఏ మాత్ర వేసుకోవాలో కూడా తెలీదు, అది వేరే సంగతి. తను చూసే కోతులు మామూలు కోతుల్లాంటివి కావు. చెట్ల పైకొనల్లోనే పుట్టి, అక్కడే తిని, అక్కడే ముసలివైపోతాయి. చచ్చినా నేల మీద కాలు పెట్టవు. ఆ అడవి మధ్యనుంచి ఒక రోడ్డు పోతుంది. ఇటువైపు చెట్ల కొమ్మలూ అటువైపు చెట్ల కొమ్మలూ పైన ఒకే ఒక్కచోట కలుసుకుంటాయి. ఆ ఒక్క దారినే కోతులు రోడ్డు దాటుతాయని డాక్టరమ్మ చెబుతుంది. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు, ఆ కొమ్మలు కొట్టేస్తారట.

"కొట్టేస్తే ఏమవుతుంది?" అన్నాను.

"ఎటు ఉన్నవి అటే ఉండిపోతాయి వదినా. పళ్ళన్నీ అటు, లేత చిగుళ్ళన్నీ ఇటు. ఒక్కవైపు తిండితో బతకలేవు."

రోడ్ల ఇంజినీరు మరీ రాతిగుండె మనిషేం కాదట. "అవి దాటుతుంటే మీరు చూశారు, నేను చూడలేదు మేడమ్. కిందనుంచి నాకు కనిపించేది ఆకులు ఊగడమే. గాలికీ ఊగుతాయి. ఇటు ఒక గుంపు, అటు ఇంకో గుంపు ఉండొచ్చుగా? ఒకే కోతి ఇటు ఉన్న ఫోటో, అటు ఉన్న ఫోటో, రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి. ఆ కొమ్మల జోలికి పోను" అన్నాడట. శుక్రవారం పొద్దున్న దాకా టైమిచ్చాడు. ఫోటోలు తియ్యాల్సిన కుర్రాడేమో బైకు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

"మొహాలు తియ్యడంలో నీ తర్వాతే ఎవరైనా వదినా" అంది.

అంతే, పడిపోయాను. పొగిడితే నేను ఎంత తొందరగా కరిగిపోతానో మా ఆయనకి ఇన్నేళ్ళయినా తెలీలేదు గానీ ఈ పిల్లకి బాగా తెలుసు. స్టూడియోకి తాళం వేసి, కెమెరా, లాప్‌టాప్, చిన్న ప్రింటరు సర్దుకుని వెళ్ళాను.

అడవి అంచున రేకుల గది. రెండు మంచాలు, ఒక బల్ల, బల్ల నిండా బురదపట్టిన బైనాక్యులర్లు. తాడు పని చూసే అతను ఒకడున్నాడు. చెట్లెక్కడంలో అతని వేగం చూసి అందరూ ఉడుత అని పిలుస్తారు. అతను నా నడుముకీ తొడలకీ పట్టీలు బిగించి, "అక్కా, కిందికి చూడకు. పైకీ చూడకు" అన్నాడు.

"మరెటు చూడమంటావయ్యా?"

"కళ్ళు మూసుకో అక్కా."

లాగడం మొదలెట్టాడు. సగం దారిలో గిర్రున తిరిగాను. ఎటు చూసినా ఒకటే ఆకుపచ్చ. ఏది పైనో ఏది కిందో తెలీలేదు. మా ఆడపడుచుని, వాళ్ళన్నయ్యని, వాళ్ళ వంశం మొత్తాన్ని పేరుపేరునా తిట్టుకుంటూ మంచె మీదికి చేరాను. నాలుగు పలకలు కట్టిన మంచె అది. నాకు నేనే నవ్వొచ్చేలా ఆ చెట్టుబోదెని కావిలించుకుని కూర్చున్నాను.

అప్పుడొచ్చాయి. ముందు ఆకులు ఊగాయి, తర్వాత పొడుగాటి తోక, తర్వాత చెయ్యి. కుదురుగా ఒక్కటి కూర్చుంటే ఒట్టు. దీని మొహం అందేలోపల అది కొమ్మ వెనక్కి, దాని తోక దీని మీదికి, పిల్ల తల్లి పొట్ట కిందికి. ఏ తోక ఎవరిదో, ఏ చెయ్యి ఎవరిదో అంతా కలగాపులగం. నల్లని బోడి మొహాలు, ఆ మొహాల మీద పాలు చిలికినట్టు తెల్లని మచ్చలు. పెదవి మీద కొందరికి, ముక్కు మీద కొందరికి.

అందులో ఒకామె మీద నా కన్ను పడింది. పెద్ద ఆడకోతి. ముక్కు మీంచి చెంప దాకా గీత, కింది పెదవి మీద మచ్చల గుత్తి. పక్కదాని చేతిలో చిగురు లాక్కుని తినేసి, పైగా దాన్నే కసిరింది. కిందికి దిగాక డాక్టరమ్మకి చెబితే, "ఓ, అది గయ్యాళి! గుంపుని నడిపేది అదే. రోడ్డు దాటేటప్పుడు ముందు దూకేది కూడా అదే" అంది.

"ఎవర్ని చూసి పెట్టావే ఆ పేరు?"

"ఎవర్నీ చూసి కాదు" అంది, నా వంక చూడకుండా.

మర్నాడు మధ్యాహ్నానికి ఇటువైపు మొహాలన్నీ తీసేశాను. డాక్టరమ్మ ఇంకా చెట్టు మీదే ఉంది. నేను గదిలో కూర్చుని మంచివి ఏరి, కత్తిరించి, శుభ్రం చేసి, ప్రింట్లు తీశాను. నా పనితనం చూసి నాకే ముచ్చటేసింది. అప్పుడే ఇంజినీరు జీపు ఆగింది. ఫోటోలు ఎంతవరకు వచ్చాయని అడిగాడు. ఇంత కష్టపడి తీసి దాచుకుంటానా? ఒక సెట్టు అతని చేతిలో పెట్టాను. "చాలా బాగా తీశారు మేడమ్" అని తీసుకెళ్ళాడు. ఆ మాటకి మళ్ళీ కరిగిపోయాను.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. చేతులు తుడుచుకుని ప్రింట్లు బల్ల మీద పరిచింది. ఒకటి చూసింది. రెండోది చూసింది. తిరగేసింది, మళ్ళీ మొదటిది తీసింది.

"వదినా, వీళ్ళెవరు?"

"ఎవరేంటి? నీ చుట్టాలే."

"కాదు. వీళ్ళని నేనెప్పుడూ చూళ్ళేదు."

హాస్యమాడుతోంది అనుకున్నాను. తన మొహం చూస్తే హాస్యంలా లేదు. దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూసింది, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. ఏళ్ళ తరబడి వాటి వెనక తిరిగిన పిల్ల, ఒక్కదాన్ని కూడా గుర్తుపట్టలేదు. "ఇది గయ్యాళే కదే, నిన్న చిగురు లాక్కుంది!" అని నేను వేలు పెట్టి చూపించాను.

"గయ్యాళి కాదు వదినా. గయ్యాళికి మచ్చలుంటాయి."

నిజమే. ఫోటోలో మచ్చల్లేవు. గీతా లేదు. కానీ నేను చూశానే! లెన్సులోంచి అంత దగ్గరగా చూశానే! నాకు మతిపోయింది. చెట్టు మీద కళ్ళు తిరిగి ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని తీశానా? ఆ గందరగోళంలో ఏదీ నమ్మకంగా చెప్పలేకపోయాను.

"కొత్త గుంపేదైనా వచ్చిందా?" అంది తను, తనలో తను అనుకున్నట్టు. "వస్తే మావాటిని తరిమేసిందా? మావేమయ్యాయి మరి?"

తెల్లారగానే తానే చెట్టెక్కింది. పైనుంచి అరిచింది, "వదినా, అందరూ ఇక్కడే ఉన్నారు! గయ్యాళి ఉంది, దాని కూతురుంది, చెల్లెలుంది!" గబగబా దిగొచ్చి మళ్ళీ ప్రింట్లు చూసింది. మళ్ళీ ముక్కూమొహం తెలియనివాళ్ళే. బైనాక్యులర్లలో మనవాళ్ళు, ఫోటోలో పరాయివాళ్ళు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"నీ కెమెరా మంచిదేనా వదినా?"

చర్రున లేచాను. "నా కెమెరాని అంటావేంటే? అది ఎంతమంది మొహాలు చూసిందో నీకేం తెలుసు! నీ కళ్ళు చూపించుకో ముందు."

"కళ్ళే అనుకుంటున్నా" అంది మెల్లగా. "నాకేదో అయ్యింది వదినా. అసలు నేను ఇన్నాళ్ళూ చూసిందేంటో నాకే అర్థం కావడంలేదు."

ఆ మాటతో నా కోపమంతా చల్లారిపోయింది. నోరు మూసుకుని టీ పెట్టాను.

గురువారం గుంపు అటువైపుకి దాటిపోయింది. ఉడుత నన్ను అటుపక్క చెట్టెక్కించాడు. మళ్ళీ తీశాను. ఈసారి పట్టుదలగా, గయ్యాళి మొహం పక్కనుంచీ ఎదురుగానూ తీశాను. దిగి గదికొస్తే కరెంటు లేదు. లాప్‌టాప్ చచ్చి పడుంది. డాక్టరమ్మకి ఓపిక ఎక్కడిది! కెమెరా లాక్కుని వెనకున్న చిన్న తెర మీదే చూడ్డం మొదలెట్టింది.

"గయ్యాళి!" అని కెవ్వుమంది. "ఇదిగో చెల్లెలు! ఇదిగో కూతురు! అందరూ ఉన్నారు వదినా, అందరూ మావాళ్ళే!" నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. నేనూ గెంతాను, అబద్ధమెందుకు. ఆ తర్వాత తను ఆగిపోయింది. మంచం మీద కూలబడింది.

"వదినా. ఇటుపక్క తీసినవాళ్ళని నేనెరగను. అటుపక్క తీసినవాళ్ళు నావాళ్ళు. అంటే రెండూ వేరువేరు గుంపులేనా? ఇంజినీరు చెప్పిందే నిజమా?"

"అదెలా? ఇవే కదే ఇటునుంచి అటు వెళ్ళింది?"

"వెళ్ళాయనే అనుకున్నా. అనుకోవడం వేరు కదా. ఫోటో అబద్ధం చెప్పదుగా!"

బుర్ర పనిచెయ్యనప్పుడు నేను చేతికి పని చెబుతాను. కరెంటు రాగానే లాప్‌టాప్ ముందు కూర్చుని అటువైపు ఫోటోలు ఎక్కించాను. గయ్యాళి మొహం పెద్దది చేశాను. తను నా భుజం మీద గడ్డం ఆనించి చూస్తోంది.

"ఏం చేస్తున్నావు వదినా?"

"ఏం చేస్తాను, శుభ్రం చేస్తున్నా."

"పెదవి మీద మచ్చ ఏదీ?"

చెయ్యి ఆగింది. తెర మీద గయ్యాళి పెదవి నున్నగా ఉంది. ముక్కు మీది గీత సగం పోయింది. మిగతా సగం మీద నా మౌసు బాణం ఉంది.

మా స్టూడియోలో మచ్చతో ఫోటో బయటికి వెళ్ళదు. మొటిమ, పుట్టుమచ్చ, కళ్ళకింద గీత, ఏదున్నా తీసేస్తాం. తియ్యకపోతే జనం గొడవకొస్తారు. ఆ పని నేను ఆలోచించి చెయ్యను. కాఫీ కప్పు కింద బల్ల తుడిచినట్టు తుడిచేస్తాను. ఇటువైపు కోతులన్నిటి మొహాలూ నేనే తుడిచేశాను. ఒక్కొక్కదాన్నీ శ్రద్ధగా, ముచ్చటపడి మరీ తుడిచాను.

"అసలువి ఉన్నాయిగా? తుడవనివి?" అంది తను.

శుభ్రం చేసినవాటినే ఉంచి, మిగతావి కెమెరాలోంచి కూడా వెంటనే చెరిపేయడం నాకు అలవాటు. అదే చెప్పాను. తను తిట్టలేదు. "నాకు పిచ్చెక్కలేదన్నమాట" అని ముందు నవ్వింది, ఆ తర్వాత గుర్తొచ్చినట్టు, "ఆ ప్రింట్లు ఒక సెట్టు ఇంజినీరుకి కూడా ఇచ్చావు కదూ?" అంది.

ఇద్దరం అప్పటికప్పుడు రోడ్డు పక్క అతని గుడారానికి పరిగెత్తాం. జరిగిందంతా చెప్పాను. కెమెరాలో అటువైపు ఫోటోలు చూపించాను. అతను ఇటువైపు ప్రింట్లు తీసి పక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మేడమ్, ఇటువైపువాటికి మచ్చల్లేవు, అటువైపువాటికి ఉన్నాయి. చూస్తే వేరు గుంపులే."

"అవి నేను తుడిచానండీ బాబూ! నా చేత్తో నేనే తుడిచాను!"

"తుడవగలిగినవాళ్ళు పెట్టగలరు కూడా కదా" అన్నాడు. వెటకారంగా అనలేదు. పాపం నిజంగానే అయోమయంలో పడ్డాడు. "మీరు చెప్పేది అబద్ధమని అనడం లేదు. కానీ ఏది నమ్మాలో చెప్పండి. రేపు పై అధికారులకి ఏం చూపించను?"

కోపం తెచ్చుకుందామన్నా నాకు ఎవరి మీద తెచ్చుకోవాలో దొరకలేదు. చివరికి అతనే అన్నాడు, "పొద్దున్న కొమ్మలు కోసే మిషను వచ్చేలోగా ఇటువైపు ఆ ముక్కు మీద గీత ఉన్నదాని ఫోటో ఒక్కటి తెచ్చి కెమెరాలోనే చూపించండి. ఆపేస్తాను."

శుక్రవారం చీకటి విడుతుండగానే ఇటువైపు మంచె ఎక్కాను. కళ్ళు మూసుకోలేదు ఈసారి. పొగమంచు దట్టంగా ఉంది, నా చేతులే నాకు సరిగ్గా కనబడలేదు. కింద రోడ్డు మీద మనుషుల మాటలు, మిషను మోత. ఆ మోత వింటే అవి తిరిగి ఇటు రావేమో అనుకున్నాను. అటునుంచి ఆకులు ఊగాయి. ఆగిపోయాయి. మళ్ళీ ఊగాయి. ఒక్కటే దూకింది. నా పక్క కొమ్మలు బరువుకి కిందికి వంగాయి.

గయ్యాళే. ముందు దూకేది అదేగా. కానీ ఆకుల్లో వీపు కనిపిస్తుంది, తోక కనిపిస్తుంది, మొహం కనిపించదు. "ఇటు తిరగవే! ఒక్కసారి తిరగవే తల్లీ!" అని బతిమాలాను. అది వెనక్కి చూస్తోంది, మిగతావి ఎందుకు రావడంలేదా అని. మిగతావి మోతకి బెదిరి అటే ఆగిపోయాయి. కింద డాక్టరమ్మ గొంతు వినిపించింది. "ఒకటి దాటింది సార్, ఆపండి, ఒక్క నిమిషం ఆపండి!" ఇంజినీరు ఆపించాడు. ఆపించాడు, అతన్ని అనకూడదు. "ఫోటో వచ్చిందా మేడమ్?" అని పైకి అరిచి అడిగాడు. రాలేదు. కాసేపాగి మళ్ళీ అడిగాడు. వీపు తప్ప ఇంకేం లేదు నా దగ్గర. మూడోసారి అడగలేదు.

రంపం కోస్తుంటే నా మంచె వణికింది. నేను పై నుంచి అరిచిన అరుపులకి ఉడుత భయపడి తాడు గట్టిగా పట్టుకున్నాడు. కొమ్మలు ఒకదాని వెనక ఒకటి రోడ్డు మీద పడ్డాయి. ఆకాశం ఒక్కసారిగా విచ్చుకుంది. మంచు తేలిపోయింది.

వెలుతుర్లో గయ్యాళి వచ్చి తెగిన కొమ్మ చివర కూర్చుంది. నా మంచెకి అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. ఎదర చెయ్యి చాపింది. అక్కడేం లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని దాన్నే చూసుకుంది. మళ్ళీ చాపింది. తర్వాత నా వైపు తిరిగింది, తిరిగి అలాగే ఉండిపోయింది. గీత, మచ్చల గుత్తి, అన్నీ ఉన్నాయి. దాని వెనక, రోడ్డుకి అవతల, తెగిన కొమ్మల అంచున మిగతావన్నీ వరసగా కూర్చుని ఇటే చూస్తున్నాయి. అందరూ ఒకే ఫోటోలో పడ్డారు. నొక్కాను. ఏడుస్తూనే నొక్కాను.

దిగి ఇంజినీరుకి కెమెరా ఇచ్చాను. చూశాడు. దగ్గరికి చేసి చూశాడు. నెత్తిమీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఒకే గుంపు మేడమ్. ఇంకేం అనుమానం లేదు" అన్నాడు.

డాక్టరమ్మ వెళ్ళి చెట్టుకింద కూర్చుంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నన్ను తిట్టవే, నాలుగు తిట్టు" అన్నాను. తల అడ్డంగా ఊపింది. పైనుంచి గయ్యాళి కూత వేసింది. అవతలినుంచి జవాబొచ్చింది, సన్నటి గొంతు.

"అది దాని కూతురు" అంది డాక్టరమ్మ.

మళ్ళీ గయ్యాళి పిలిచింది. ఈసారి జవాబిచ్చింది వేరే గొంతు.

"అది చెల్లెలు. ఆ తర్వాతది, విన్నావా, అది వాళ్ళ ముసలమ్మ. అదిగో మళ్ళీ కూతురు."

"చెప్పకే" అన్నాను. "నీకు దణ్ణం పెడతాను, ఇంక చెప్పకు."

తను చెబుతూనే ఉంది.